ముప్పై రెండు డిగ్రీలు

స్వావా ఐనార్సన్‌వి మంచి చేతులని ఆ పరిశోధనాలయంలో అందరూ ఒప్పుకున్న మాట. మెదడు మీద పనిచేసేవాళ్ళు తలకాయల గురించి కన్నా చేతుల గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు. కణంలో పారే సన్నటి కరెంటును కొలవాలంటే, వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నగా ఉన్న గాజుగొట్టం మొనను బతికున్న కణం ఒంటికి అతికించాలి. కణం చిరగకూడదు, చావకూడదు. చెయ్యి రవ్వంత వణికినా పొద్దుటి నుంచి పడ్డ కష్టం గంగలో కలుస్తుంది. ఈ విద్య కొందరికి వారంలో పట్టుబడుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది, కొందరికి రానే రాదు. రానివాళ్ళను ఎవరూ తిట్టరు. ‘పాపం, చేతుల్లేవు’ అని జాలిపడి ఊరుకుంటారు. తిట్టినా అంతకంటే నయమే.

రెమీ షార్త్రాన్‌కి చేతుల్లేవని తేలిపోయి అప్పటికి ఏడాది దాటింది. తేల్చినావిడ పరిశోధనాలయం పెద్ద, హాల్య పొదోలియాక్. అరవై దాటిన మనిషి, మాట కత్తి, మనసు మాత్రం చెడ్డది కాదు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్నే ఆవిడ స్వావాని తన గదిలోకి పిలిచి, కోటు కూడా విప్పనివ్వకుండా మొదలుపెట్టింది.

“గురువారం పదింటికి రెమీ డాక్టరేటు కమిటీ కూర్చుంటోంది. రెండేళ్ళ నుంచీ ఆ అబ్బాయి నీ ఎలుకల్ని పట్టుకుని కుస్తీ పడుతున్నాడు. నీకు కనబడింది అతనికి ఒక్కసారన్నా కనబళ్ళేదు. నువ్వే ఓసారి కూర్చుని నాలుగు రికార్డింగులు చేసి ఇయ్యి. ఎలుకలు అవే, ఉప్పునీళ్ళు అవే, చేతులొక్కటే వేరని బల్లమీద పెడితే వీబ కూడా నోరెత్తడు.”

క్లాస్ వీబ పక్క విభాగం ప్రొఫెసరు. కమిటీలో బయటివాడు ఆయనొక్కడే. ప్రతిదానికీ ‘ఎందుకు, ఎప్పుడు’ అని అడిగే రకం.

“అయితే పంపించేస్తారా?” అంది స్వావా.

“చిన్న పట్టా ఒకటి చేతిలో పెట్టి పంపిస్తాం. అది శిక్ష కాదు, దయ. నువ్వలా మొహం పెట్టకు. పిండి పులవకపోతే ఇంకో రోజు చూడాలి, అప్పటికీ పులవకపోతే పందులకి పెట్టెయ్యాలి, అనేది మా అమ్మమ్మ. నేను రెండేళ్ళు చూశాను.”

స్వావా మొహం మామూలుగా పెట్టుకుని కిందికి వెళ్ళిపోయింది. రెమీ అంటే ఆమెకు కోపం లేదు. ఆ రోజు పొద్దున ఆమెకున్నది కొంచెం జాలి, దాని కింద ఇంకొంచెం గర్వం.

నాడీకణాలు మెదడులో మాట్లాడుకుంటాయని లోకమంతా చెప్పుకుంటుంది. స్వావాకి వాటి మీద పెద్ద మోజు లేదు. ఆమె మనసంతా వాటి చుట్టూ గుబురుగా అల్లుకుని ఉండే నక్షత్ర కణాల మీదే. నాడీకణం పక్కదానితో మాట్లాడాలంటే గ్లుటమేట్ అనే రసాయనాన్ని కాస్త చిమ్ముతుంది. చిమ్మింది చిమ్మినట్టే ఉండిపోతే తర్వాతి మాట వినబడదు. ఇంకా పేరుకుంటే వినే కణం ఆ ధాటికి చస్తుంది. పెళ్ళి భోజనాల దగ్గర మొదటి బంతి విస్తళ్ళు ఎత్తేవాళ్ళు లేకపోతే రెండో బంతి కూర్చోలేదు కదా, ఆ ఎత్తే పని నక్షత్ర కణాలది. చిమ్మిన రసాయనాన్ని రెప్పపాటుకంటే తక్కువలో పీల్చేసి, చుట్టూ ఎంత ఉండాలో అంతే ఉంచుతాయి. ఎంత పనిచేసినా పేరు రాని జాతి. స్వావాకి అందుకే అవంటే ఇష్టం.

మూడేళ్ళ కిందట, ఒక జన్యువు తీసేసిన ఎలుకల్లో ఆ పీల్చే పని సగానికి సగం మందగించిందని ఆమె చూపించింది. మూర్ఛరోగం సంగతి దీనితో కొంత తెలిసొస్తుందని పెద్ద సైన్సు పత్రికవాళ్ళు ఆమె వ్యాసం వేసుకున్నారు. ఆ వ్యాసం పుణ్యాన పడమటి తీరంలో ఒక విశ్వవిద్యాలయం ఆమెకు సొంత పరిశోధనాలయం ఇస్తామంది. ఏప్రిల్లో వెళ్ళాలి. ఆ జన్యువు ఎలా పనిచేస్తుందో తవ్వితీసే పని రెమీకి అప్పగించారు. రెమీ తవ్వాడు, తవ్వుతూనే ఉన్నాడు. అతని ఎలుకల్లో జన్యువు తీసినా, తియ్యకపోయినా నక్షత్ర కణాలు ఒకే వేగంతో పీల్చుకున్నాయి.

స్వావా బయటి కరెంటు రొదను ఆపే రాగి వల పంజరం తలుపు తీసి తన పాత బల్ల ముందు కూర్చుంది. ఏడాదిగా ఆ కుర్చీలో కూర్చోలేదు. ఎలుక మెదడు నుంచి కోసిన పలచటి ముక్కను చిన్న గిన్నెలో పరిచి, దాని మీదుగా ఉప్పునీళ్ళు సన్నటి ధారగా పారేట్టు పెట్టింది. ఆ నీళ్ళు గిన్నెలోకి వచ్చే దారిలో చిన్న హీటరు ఉంటుంది. ముప్పై రెండు డిగ్రీలుండాలి. ఆమె నోటు పుస్తకం తెరిచి తేదీ వేసింది. ‘ఉష్ణోగ్రత’ గడుల్లో నాలుగింటికీ నాలుగూ ముప్పై రెండు, ముప్పై రెండు అని పై నుంచి కిందికి దింపేసింది. ఆమె ఎప్పుడూ అంతే. సోమవారం పొద్దున వారానికి సరిపడా గడులు ఒక్క ఊపులో నింపేసేది. హీటరు పెట్టె మీద తిప్పి పెట్టిన అంకె అదే అయినప్పుడు, రోజూ చూసి రాయడమెందుకు?

పొద్దున రెండు కణాలు దొరికాయి. రెండూ జన్యువు తీసిన ఎలుకవే. రెండూ మామూలు ఎలుక కణాల్లాగే చకచకా పీల్చేశాయి.

“ముక్కలు బాగా రాలేదు,” అనుకుంది స్వావా. ఇదే మాట రెమీ అన్నప్పుడల్లా ఆడలేక మద్దెల ఓడన్నాడని అందరూ నవ్వేవారు. ఆమె అన్నప్పుడు నవ్వడానికి ఆ గదిలో ఇంకెవరూ లేరు.

ఒంటిగంటకి పై అంతస్తులో గాజుసామాన్లు కడిగే యంత్రం మొదలైంది. తెర మీద సన్నగా సాగుతున్న గీత ఒక్కసారి మందంగా, గరుగ్గా అయింది. ఆ యంత్రం రొద కరెంటు తీగల్లో పడి, హీటరు తీగ మీదుగా పంజరంలోకి వచ్చేస్తుంది. ఆ గదికి అది పాత జబ్బు. ఈ పనివాళ్ళకు గీత శుభ్రంగా ఉండడమంటే ఆచారం. గీత గరుగ్గా ఉన్న రికార్డింగుని ఎంగిలి కూడులా చూస్తారు. స్వావా కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఎడమ చెయ్యి దానంతటది బల్ల కిందికి వెళ్ళి ఒక మీట నొక్కింది. గీత మళ్ళీ దారంలా సన్నబడింది.

మూడో కణం దొరికింది. ఈసారి పీల్చడం నెమ్మది, సరిగ్గా మూడేళ్ళ కిందటిలాగే, సగానికి సగం. స్వావా గుండె తేలికపడింది. నాలుగోదీ అంతే. రెండు గీతలూ అచ్చు వ్యాసంలో బొమ్మల్లా వచ్చాయి. చేతులంటే ఇవీ, అనుకుంది. అలా అనుకున్న సంగతి తర్వాత ఎన్నోసార్లు గుర్తొచ్చి ఆమె సిగ్గుతో చచ్చిపోయేది.

పని ముగించి గొట్టం ఊడదీస్తుంటే గిన్నెలోని నీళ్ళు కొన్ని మణికట్టు మీద పడ్డాయి. చల్లగా ఉన్నాయి. ఆమె చెయ్యి తుడుచుకోబోయి ఆగింది. గోరువెచ్చగా ఉండాల్సిన నీళ్ళు. వంగి బల్ల కింద చూసింది. హీటరు ఆరిపోయి ఉంది. ఆర్పింది తనే. అటువైపు చూడకుండా, తలుచుకోకుండా, ఊపిరి పీల్చినంత సహజంగా ఆర్పింది.

సొరుగులో వెతికి చిన్న థర్మామీటరు తీసి గిన్నెలో పెట్టింది. ఇరవై ఒకటి.

 పని తెలిసిన మనిషి కాబట్టి చెయ్యాల్సింది చేసింది. కొత్త ముక్క పెట్టి, మరో కణాన్ని పట్టుకుని, హీటరు వేసి పది నిమిషాలు ఆగింది. చకచకా పీల్చింది. ఆర్పి పది నిమిషాలు ఆగింది. నెమ్మదించింది. మామూలు ఎలుక ముక్క తెచ్చి అదే చేసింది. అదే జరిగింది. నక్షత్ర కణాలకి జన్యువుతో నిమిత్తం లేదు. చలేస్తే అవి మందగిస్తాయి, అంతే. ఈ సంగతి ఈ వృత్తిలో మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠం.

కానీ ఆ రోజుల్లో జన్యువు తీసిన ఎలుకల్లో మాత్రమే ఎందుకు మందగించింది? పాత నోటు పుస్తకాలు దించి చూస్తే సమాధానం అయిదు నిమిషాల్లో దొరికింది. ఆ ఎలుకలు వేరే దేశం నుంచి వచ్చాయి. వాటితో ఏ జబ్బొస్తుందోనని ఎలుకల ఇంట్లో వేరే గదిలో ఉంచారు. వేరుగా పెట్టిన గదిలోకి అన్ని గదుల పనీ అయ్యాక, ఆఖర్న వెళ్ళాలి. అక్కడి నియమం అది. అందుకని మామూలు ఎలుకలు తొమ్మిదింటికి వచ్చేవి, ఇవి పన్నెండు దాటాక వచ్చేవి. మొదటి జట్టు పొద్దుటిపూట వెచ్చగా, రెండో జట్టు యంత్రం రొద మొదలయ్యాక చల్లగా. ఏది ఏ ఎలుకో తెలియకూడదని పంజరాల మీద పేర్లు తీసేసి గుర్తులు పెట్టుకున్నారు కూడా. ఆమె కళ్ళకు గంతలు కట్టారు గానీ గడియారానికి ఎవరూ కట్టలేదు.

పుస్తకం నిండా ‘ఉష్ణోగ్రత’ గడుల్లో ముప్పై రెండు, ముప్పై రెండు అని తన దస్తూరీయే వరసలు కట్టి ఉంది. ఒక్కటీ చూసి రాసింది కాదు. అబద్ధం చెప్పాలని రాసిందీ కాదు. కానీ రెండేళ్ళు ఒక మనిషి ఆ గడులను నమ్మి, హీటరు ఒక్కసారీ ఆర్పకుండా పనిచేసి, తన చేతులను అనుమానించుకున్నాడు.

ఇంకొకటి గుర్తొచ్చింది. వచ్చిన మొదటి శీతాకాలం రెమీ వారపు సమావేశంలో చెయ్యెత్తి, “స్వావా, నీ గిన్నెలో నీళ్ళు ఎంత వెచ్చగా ఉండేవి?” అని అడిగాడు. సెయింట్ లారెంట్ అనే సరస్సు ఒడ్డు పల్లె నుంచి వచ్చాడు అతను. వాళ్ళ నాన్న మంచు గడ్డకట్టిన సరస్సుకి కన్నాలు పెట్టి వలలు దింపి చేపలు పడతాడు. “జాలరివాళ్ళబ్బాయి కదా, ముందు నీళ్ళెంత చల్లగా ఉన్నాయో చూసుకుంటాడు. పుస్తకంలో రాసే ఉంది నాయనా, ముప్పై రెండు,” అంది స్వావా. గదంతా నవ్వింది. రెమీ కూడా నవ్వాడు. ఆ తర్వాత అతను ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న అది. అడిగినవాడి నోరు తనే మూయించింది.

మంగళవారం సాయంత్రం స్వావా హాల్య తలుపు దాకా రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఆవిడ ఫోన్లో ఉంది. రెండోసారి ఖాళీగానే ఉంది, కానీ స్వావా తలుపు తట్టలేదు. ఇంకోసారి సరిచూసుకున్నాక చెబుదాం అనుకుంది. సరిచూసుకోవడానికి ఏమీ మిగల్లేదని ఆమెకు తెలుసు.

బుధవారం మధ్యాహ్నం ఆమె కాఫీ గదిలో ఒక్కతే కూర్చుని ఉంటే రెమీ వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం ఒకటుంది.

“మా నాన్న పంపించాడు, పొగబెట్టిన చేప. నీకిష్టమని చెప్పా,” అని బల్లమీద పెట్టాడు. “నిన్న కూర్చున్నావట కదా మళ్ళీ. కనబడిందా?”

“ఆఁ,” అంది స్వావా. అది మాత్రం అబద్ధం కాదు. కనబడిన మాట నిజమే.

“అనుకున్నా.” రెమీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నేను నిన్నొకటి అడుగుతా. మొహమాటపడకుండా చెప్పు. హాల్యని అడుగుదామంటే, ఆవిడకి నేనంటే చిరాకు. వీబకి నా పని తెలీదు. నువ్వు పక్కన కూర్చుని నేర్పినదానివి, నువ్వు చెబితే నమ్ముతా. లోపం నా చేతుల్లోనేనా?”

గదిలో వేడిగాలి యంత్రం బుసబుసమంటోంది. స్వావా కాఫీ కప్పు పట్టుకుంది. అప్పుడు చెప్పాల్సింది. ఇంతకన్నా తేలికైన సమయం ఆమెకు మళ్ళీ ఎప్పుడూ రాదు. తలుపు మూసి ఉంది, ఎదురుగా ఉన్నది ఎవరిమీదా పగ లేని మనిషి. కానీ ఏప్రిల్ కళ్ళముందు నిలబడింది. సముద్రం కనబడే కిటికీలు, తలుపు మీద తన పేరు.  తేలు కుట్టిన దొంగయినా నోరు మూసుకుని ఊరుకుంటాడు. ఆమె అదీ చెయ్యలేదు.

“అందరి చేతులూ దీనికి పనికిరావు రెమీ,” అంది. “అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.”

రెమీ తలూపాడు. “సరే. నయమైంది. తెలీకపోవడమే చంపింది ఇన్నాళ్ళూ.” లేచి, కుర్చీ మళ్ళీ బల్లకిందికి తోశాడు. “చేప ఇవాళే తిను, రేపటికి ఎండిపోద్ది.”

అతను వెళ్ళాక ఆమె ఆ పొట్లం విప్పలేదు, పారెయ్యనూ లేదు. కోటు జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి, మెట్లమీద మంచులో పెట్టింది. ఇంట్లోకి తెచ్చుకోవడానికి మనసొప్పలేదు. ఇంత చిన్నదానికి పట్టింపు, అంతపెద్దదానికి లేదు. ఆమె మీద ఆమెకే అసహ్యం వేసింది.

గురువారం బయట సున్నాకి ముప్పై నాలుగు డిగ్రీలు కింద ఉంది. స్వావా కారు ఇంజను చలికి బిగుసుకుపోకుండా దాన్ని వెచ్చగా ఉంచే కరెంటు తీగ తగిలించి పైకి వెళ్ళింది. సమావేశం గదిలో నలుగురే ఉన్నారు. హాల్య, వీబ, రెమీ, తను. హాల్య గోడ మీద తెర దింపింది.

“మొదట స్వావా మంగళవారం చేసిన రికార్డింగులు చూద్దాం,” అంది హాల్య. “అవే ఎలుకలు, అదే బల్ల. రెమీ, ఇది నిన్ను నొప్పించడానిక్కాదు బాబూ. నీకూ తెలియాలని.”

“పర్లేదు. నిన్న స్వావా చెప్పింది,” అన్నాడు రెమీ.

స్వావా దగ్గర బొమ్మ సిద్ధంగానే ఉంది. బుధవారం సాయంత్రం తయారుచేసింది. మధ్యాహ్నం కణాలు రెండే పెట్టింది. పొద్దుటివి వదిలేసింది. మీట నొక్కితే చాలు, గోడమీద పడుతుంది. ఆమె తలెత్తి రెమీ వైపు చూసింది. అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. బడిలో తప్పుచేసిన పిల్లల్లా. అంతకుముందు అతను ఎప్పుడూ అలా కూర్చోలేదు. మాట్లాడేటప్పుడు గాల్లో చేతులు తిప్పే మనిషి. నిన్నటి దాకా తనకు తెలియని సిగ్గు అతనికి తనే నేర్పింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అందరూ తననే ఓదారుస్తారని భయమేసి, మింగేసింది.

“ఈ బొమ్మ తప్పు,” అంది.

“ఏం, వేరే ఫైలు తెచ్చావా?” అంది హాల్య.

“కాదు. వ్యాసమే తప్పు. మధ్యాహ్నం రొద వస్తుందని నేను హీటరు ఆర్పేసేదాన్ని. ఆర్పుతున్నానని నాకే తెలీదు, అలవాటైపోయింది. ఆ ఎలుకలు ఎప్పుడూ మధ్యాహ్నమే వచ్చేవి. గిన్నెలో నీళ్ళు ఇరవై ఒక డిగ్రీలు. మామూలు ఎలుకని అంత చల్లగా పెట్టినా అంతే మందగిస్తుంది, నేను చేసి చూశాను. ఆ జన్యువు ఏమీ చెయ్యట్లేదు. రెమీ రెండేళ్ళుగా చూపిస్తున్నదే నిజం.”

 హాల్య కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది.

“పుస్తకంలో ముప్పై రెండని ఉంది,” అంది చివరికి. “ప్రతి పేజీలోనూ ఉంది. నేను చూశాను.”

“చూడకుండా రాశాను. వారం వారం ముందే నింపేసేదాన్ని.”

“దీని గురించి మనం నా గదిలో మాట్లాడుకుందాం.”

“వద్దు హాల్య. మీ గదిలో చెబితే నాకు సుళువు. ఇక్కడే అవ్వనివ్వండి.”

వీబ పెన్ను తీశాడు. ఆయన మొహంలో కోపం లేదు. పద్ధతి ప్రకారం రాసుకోవాలి, అంతే. “మీకీ సంగతి ఎప్పుడు తెలిసింది?” అని అడిగాడు.

ఈ ప్రశ్న వస్తుందని స్వావా అనుకోలేదు. ఇవాళ పొద్దునే, అనొచ్చు. ఎవరూ కాదనరు. పైగా తెలిసిన గంటలోనే వచ్చి ఒప్పుకుందంటే ఆ మాటకి గౌరవమే దక్కుతుంది. పడమటి తీరంవాళ్ళు కూడా, పోనీలే నిజాయితీ ఉన్న మనిషి, అనుకోవచ్చు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. రెమీ ఆమె వైపే చూస్తున్నాడు. ఆ మొహం అప్పుడే విచ్చుకుంటోంది. రెండేళ్ళ బరువు దిగుతున్న మనిషి మొహం. అందులో ఆమె మీద కృతజ్ఞత కూడా ఉంది. అది చూశాక ఆమె అబద్ధమాడలేకపోయింది.

“మంగళవారం,” అంది. “మధ్యాహ్నం మూడున్నరకి.”

వీబ రాసుకున్నాడు. రెమీ మొహంలో కృతజ్ఞత ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అతను రోజులు లెక్కపెట్టుకోవడం ఆమెకు కనబడింది. మంగళవారం తర్వాత బుధవారం.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. రెమీని పంపించే ప్రసక్తే లేదని, అతని పనికి ఇంకో ఏడాది ఇవ్వాలని వీబ అన్నాడు. హాల్య తలూపింది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి తనే రాస్తానని స్వావా అంది. పడమటి తీరంవాళ్ళకీ తనే రాస్తానంది. “నా పేరూ ఉంది దానిమీద,” అంది హాల్య ఎవరి వైపూ చూడకుండా. “రెండేళ్ళు ఆ అబ్బాయి చేతులవంక చూశాను. ఒక్కసారి నీ గిన్నెలో వేలు పెట్టి చూళ్ళేదు.” ఆవిడ కాగితాలు సర్దుకుని వెళ్ళేటప్పుడు రెమీ భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఎందుకో మానేసింది.

రెమీ మెట్ల దగ్గర కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. స్వావా వెళ్ళి కొంచెం దూరంలో ఆగింది.

“క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లట్లేదు,” అంది.

“హీటరు సంగతికా?” అన్నాడు రెమీ. గొంతు పెంచలేదు. “అది ఎవరికైనా జరుగుతుంది. రేపు నాకూ జరగొచ్చు. ఆ రెండేళ్ళూ నేను మర్చిపోగలను. నీకు అంతా తెలిసి, ఎదురుగా కూర్చుని నా చేతులు పనికిరావన్నావు చూడు, దాన్నేం చెయ్యాలో నాకు తెలీట్లేదు.”

రెమీ కిటికీ వైపు తిరిగాడు. 

“నువ్వన్నాక రాత్రి ఇంటికి ఫోన్ చేశా,” అన్నాడతను. “నా చేతులే మంచివి కావట నాన్నా, వచ్చేస్తున్నానని చెప్పా. మా నాన్నకి నాలుగేళ్ళ నుంచీ చేతులు వణుకుతాయి. వల ముడులు కూడా మా అమ్మే వేస్తోందిప్పుడు.  ఆయన, ‘నా నుంచే వచ్చి ఉంటుందిరా, నన్ను క్షమించు’ అన్నాడు. మా నాన్న నన్ను క్షమించమన్నాడు స్వావా. కాదు నాన్నా అని కూడా నేననలేదు. నిజమే అనుకున్నా.”

అతను కోటు జేబులోంచి ఫోను తీసి, ఒక నంబరు నొక్కి, ఆమెకు అందించాడు.

“నేను చెబితే నమ్మడు. ఊరుకోబెట్టడానికి చెప్తున్నాననుకుంటాడు. నువ్వే చెప్పు.”

స్వావా ఫోను తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది. అటువైపు చాలాసేపు మోగింది. తర్వాత ఎవరో ఎత్తారు. మంచు మీద గాలి హోరు, దగ్గర్లో మోటారు చప్పుడు. సరస్సు మీద ఉన్నట్టున్నాడు.

“చెప్పరా,” అన్నాడు ముసలాయన, కొడుకనుకుని.

“నేను రెమీని కాదండీ. స్వావా ఐనార్సన్‌ని, వాళ్ళ పరిశోధనాలయంలో పనిచేస్తాను.” ఆగకుండా చెప్పేసింది. “మీ అబ్బాయి చేతులు మంచివి కావని చెప్పింది నేనేనండీ. అది అబద్ధం. అన్నప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు. ఆయన చేతుల్లో ఏ లోపమూ లేదు. మీ నుంచి ఏదీ రాలేదు.”

 అటువైపు మోటారు ఆగింది.

“ఇక్కడ గాలి ఎక్కువగా ఉందమ్మా,” అన్నాడు ముసలాయన. “సగం వినబళ్ళేదు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పు.”

స్వావా మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది.